మార్జినులో వ్రాసిన మాట

ఈ నెల నేను ప్రసంగము వ్రాయడము లేదు. నా చేతి కలముతో జరిగిన ఒక పొరపాటును, దానివలన ఒక బీద కుటుంబము పడిన శ్రమను మీ ముందు ఉంచుచున్నాను. మన పల్లెల పిల్లలు పెండ్లి చేసుకొని పరదేశాలకు వెళ్లుచున్న రోజులివి. నా సంగతి మీలో ఒక్క ఇంటికి ఉపయోగపడినా చాలును.

2023 జూలై మాసములో ఒక సాయంకాలము. సికింద్రాబాదులో ముసురు పట్టి ఉన్నది. జూబ్లీ బస్ స్టేషనులో దిగి, తడిసిన కొంగుతో ఒక తల్లి మా ఇంటికి వచ్చింది. ఆమెది సిద్దిపేట వైపు ఒక పల్లె. వెనుక ఆమె కుమార్తె. ఆ పిల్లకు బాప్తిస్మమిచ్చినది నేనే, 2022 జనవరిలో మా సంఘములో పెండ్లి చేసినదీ నేనే. నా భార్య వాళ్లకు తువాలు ఇచ్చి టీ పెట్టింది. ఆ తల్లి టీ ముట్టకుండా ప్లాస్టికు సంచిలోనుండి ఒక కాగితము తీసింది.

"అయ్యగారూ, ముంబయిల వాళ్లు ఈ కాయితం చేతుల పెట్టి పంపిన్రు. పాస్‌పోర్టు తీసుకోలె. ఏం రాసిన్రో జర సూడుండ్రి."

చదివాను. అమెరికా వలస చట్టములోని 221(జి) అను విభాగము క్రింద ఇచ్చిన కాగితమది. వీసా ఇప్పుడే ఇవ్వలేము, ఫలానా పత్రము సరిచేసి తెండి అని దాని భావము. ఆ ఫలానా పత్రము ఏదో చూచేసరికి నా చేయి చల్లబడింది. పాస్‌పోర్టులో ఉన్న పేరు, వివాహ ధ్రువపత్రములో ఉన్న పేరు ఒకటి కావు. వివాహ ధ్రువపత్రము వ్రాసినది నేను.

ఎలా జరిగిందో చెప్పుతాను. మన పల్లెలలో ఒక్కొక్కరికి రెండు పేర్లు ఉండుట మీకు తెలియనిది కాదు. బాప్తిస్మములో ఒక పేరు, బడిలో ఒక పేరు. కారణములు అనేకము. ఒకచోట అమ్మమ్మ ముచ్చట, ఒకచోట బడి పంతులుగారి ఇష్టము, మరొకచోట 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వలన కుల ధ్రువపత్రము పోవునేమో అను భయము. ఈ పిల్లను నేను చిన్ననాటినుండి బాప్తిస్మపు పేరుతోనే పిలిచాను. పెండ్లినాడు రిజిష్టరు తెరచి, పదవ తరగతి సర్టిఫికెట్టు అడుగకుండ, నా నోటికి అలవాటైన పేరే వ్రాశాను. వధువు సంతకము పెట్టింది, వరుడు పెట్టాడు, ఇద్దరు సాక్షులు పెట్టారు. బయట బ్యాండు మ్రోగుచున్నది, భోజనాలు చల్లారుచున్నవి. ఎవరూ చదువలేదు.

వరుని గురించి కూడ చెప్పవలెను. అతని తల్లిదండ్రులు మా సంఘస్థులే. అతడు బడిలో ఉన్నప్పుడే కుటుంబము అమెరికా వెళ్లింది. గ్రీన్ కార్డు ఉన్నవారు అక్కడి సైన్యములో చేరవచ్చును. అతడు చేరాడు. 2001 సెప్టెంబరు 11 తరువాత సైన్యములో పనిచేయు పరదేశీయులు మామూలు సంవత్సరాల గడువు లేకుండ పౌరసత్వము కోరుకొనునట్లు 2002 జూలైలో అక్కడి అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చాడు. ఆ ఏర్పాటు క్రిందనే ఇతడు పౌరుడైనాడు. సైనికునికి సంవత్సరమునకు 30 రోజులే సెలవు. ఆ సెలవులో వచ్చి, పెండ్లి చేసుకొని, టెక్సాసుకు తిరిగి వెళ్లాడు.

సైనికుని భార్య గదా, విమానమెక్కించి పంపుతారు అని పల్లెలో అనుకున్నారు. అది నిజము కాదు. సైనికుని భార్యకైనను దారి అదే. మొదట భర్త ఐ-130 అను అర్జీ పెట్టి, ఇది నిజమైన వివాహమని చూపవలెను. అది ఆమోదము పొందిన తరువాత కాగితాలు నేషనల్ వీసా సెంటరు అను కార్యాలయానికి పోవును. రుసుములు కట్టి, డీఎస్-260 అను ఫారము నింపి, పాస్‌పోర్టు కార్యాలయమునుండి పోలీసు క్లియరెన్సు తేవలెను. వాళ్లు చెప్పిన డాక్టరు వద్దనే వైద్య పరీక్ష. భార్యను పోషించగలనని భర్త ఐ-864 అను పత్రముపై సంతకము చేయవలెను. ఇందులో సైనికునికి కొంత వెసులుబాటు ఉన్నది: ఇతరులు ప్రభుత్వపు పేదరిక రేఖకు 125 శాతము ఆదాయము చూపవలసియుండగా, సైన్యములో పనిచేయుచున్నవాడు భార్య కొరకు 100 శాతము చూపితే చాలును. చివరకు ఇంటర్వ్యూ. హైదరాబాదులో అమెరికా కాన్సులేటు 2008 నుండి ఉన్నది. బేగంపేట పైగా ప్యాలెస్‌లో ఉండినది 2023 మార్చిలో నానక్‌రాంగూడకు మారినది. ఐనను కుటుంబ వలస వీసా కొరకు మనవాళ్లు ముంబయి పోవలసినదే.

ఆ ముంబయి ప్రయాణము కొరకు ఈ తల్లి రెండు మేకలను అమ్మింది.

"పద్దెనిమిది నెలలాయె అయ్యగారూ," అన్నది ఆమె. "బాయికాడికి పోతే అడుగుతరు, చర్చికి పోతే అడుగుతరు. మిలట్రోడు లగ్గం చేస్కొని ఇడిచిపెట్టిండట గదా అని అంటున్రు. పిల్ల బయటికెళ్తలేదు." అమ్మాయి తల వంచుకొని నేల చూచుచున్నది. అల్లునికి కొద్ది నెలలలో జర్మనీకి బదిలీ ఉత్తర్వు రావచ్చునట. అప్పటికి భార్య చేరకపోతే ఆ ఉత్తర్వులో ఆమె పేరు చేర్చడము కష్టము, అతడు ఒంటరిగా పోవును.

"ఆ ఆఫీసోళ్లు చిన్నదాన్ని పెద్దగ చేస్తరు గదా అయ్యగారూ?" అని ఆమె అడిగింది.

ప్రియులారా, ఇక్కడ నేను "తప్పు నాదమ్మా" అని చెప్పవలసియుండెను. చెప్పలేదు. "అవునమ్మా, వాళ్ల నిబంధనలు అట్లా ఉంటాయి. నేను చూస్తాను, ప్రార్థన చేద్దాము" అన్నాను. ప్రార్థన కూడ చేశాను. ఆ ప్రార్థనలో నా పేరు తప్ప అందరి పేర్లు ఉన్నవి.

మరుసటి ఆదివారము ఈ సంగతి విన్న ఒక సంఘపెద్ద నన్ను ప్రక్కకు పిలిచాడు. మంచివాడు, ఆ కుటుంబానికి సహాయము చేయవలెనని అతని కోరిక. "అయ్యగారూ, ఇంత ఆలోచన ఎందుకు? ఫారాలు మీ బీరువాలో ఉన్నవి. పాత తేదీ వేసి, పాస్‌పోర్టు పేరుతో కొత్తది వ్రాసి ఇచ్చేయండి. ఆ పేజీ సంగతి ఎవడు చూస్తాడు? ఒక ఆడపిల్ల బ్రతుకు గదా" అన్నాడు.

ఆ రాత్రి నేను బీరువా తెరచిన మాట నిజము. ఖాళీ ఫారము బల్లమీద పెట్టుకొని కూర్చున్నాను. అబద్ధము పేరు కాదు గదా, ఆమె అసలు పేరే గదా అని నాకు నేనే చెప్పుకొన్నాను. కాని తేదీ అబద్ధము, సాక్షుల సంతకాలు అబద్ధము. నేను ఆ రిజిష్టరును ఉంచుకొనుటకు నాకు లైసెన్సు ఇచ్చినది 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము. రిజిష్టరును కావాలని పాడుచేసినా, దొంగ పత్రము పుట్టించినా ఏడు సంవత్సరాలవరకు జైలు అని ఆ చట్టములోనే ఉన్నది. భయపడి ఫారము లోపల పెట్టాను. అది భక్తి అని చెప్పను, భయమే. ఆ తరువాత ఏమి చేయవలెనో తోచక, ఎవరితోనూ చెప్పక, ఇరవై రోజులు గడిపాను. ఆ తల్లి ఫోను చేసినప్పుడెల్ల "చూస్తున్నానమ్మా" అన్నాను.

ఇరవై ఒకటవ రోజున బొల్లారములో ఉన్న ఒక రిటైరైన పెద్ద అయ్యగారి దగ్గరకు పోయాను. ఆయన క్రింద నేను డిప్లొమా ముగించిన కొత్తలో, కంటోన్మెంటులోని ఒక పాత దేవాలయములో సహాయకుడుగా పనిచేశాను. దారిలో హోలీ ట్రినిటీ దేవాలయము కనబడింది. 1847లో కట్టినది. 1983 నవంబరు 20, ఆదివారమున ఎలిజబెత్ రాణి అక్కడ ఆరాధనకు వచ్చింది. అది ఆమె 36వ వివాహ దినము. రాణి కాకమునుపు ఆమె కూడ నౌకాదళ అధికారి భార్యగా మాల్టా ద్వీపములో కాపురమున్నది. ఆమెను ఎవరూ వివాహ పత్రము అడిగియుండరు అనుకొని నవ్వుకొన్నాను. కాని మా సికింద్రాబాదులో సామాన్య సైనికుల భార్యలను అడిగారు. ఆ సంగతి పాత రిజిష్టర్లు చూచినవానిగా నాకు తెలియును.

ఈ ఊరు పుట్టినదే దండు కొరకు. 1806లో నిజాము సికందర్ జా పేరున వెలసింది. తిరుమలగిరి, బొల్లారము, ఎక్కడ చూచినా పటాలములే. ఆ కాలపు బ్రిటిషు సైన్యములో అధికారి అనుమతితో పెండ్లి చేసుకొని పటాలపు లెక్కలో చేరిన భార్యలు వేరు, లెక్కలో లేని భార్యలు వేరు. పటాలము కదిలినప్పుడు లెక్కలో ఉన్నవారికే ఓడ ప్రయాణము. మిగిలినవారు రేవులో నిలబడి చూడవలసినదే. వివాహపు నకళ్లు ఇక్కడనుండి మద్రాసు మీదుగా లండనుకు పోయేవి. ఇప్పటికీ బ్రిటిషు లైబ్రరీలో అవి ఉన్నవి. నేను తిప్పిన పాత పుటలలో హోదా లేక వృత్తి అను గడిలో సిపాయి, గన్నరు, కార్పొరలు అని వరుసగా ఉండేవి. అనేకమంది వధువుల సంతకము చోట ఒక ఇంటూ గుర్తు.

స్వాతంత్ర్యము తరువాత లాలాగూడ, మెట్టుగూడలనుండి ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు బ్రిటనుకు, ఆస్ట్రేలియాకు తరలిపోయినవి. తండ్రి బ్రిటనులో పుట్టినవాడని చూపగలిగిన కామన్వెల్తు దేశస్థులకు 1971 నాటి బ్రిటిషు వలస చట్టము దారి ఇచ్చింది. ఆ తండ్రి ఈ తల్లిని ధర్మముగా పెండ్లాడెనని చూపుటకు దేవాలయపు పుటయే ఆధారము. ఎప్పుడో ఒక పాదిరిగారు ఎండలో చెమట తుడుచుకొనుచు వ్రాసిన ఒక వరుస, డెబ్బది ఏండ్ల తరువాత ఒకరికి దేశమునిచ్చింది. వ్రాయని వరుస మరొకరికి ఇవ్వలేదు.

పెద్ద అయ్యగారు నా మాటలన్నీ విన్నారు. ఆయనకు ఎనుబది దాటినవి, చెవి మందము, జ్ఞాపకము మాత్రము గట్టిది.

"తప్పు తెలిసి ఎన్నాళ్లైంది?" అని అడిగారు.

"ఇరవై ఒక్క రోజులు అయ్యగారూ."

"అయితే ఇంక తొమ్మిది రోజులు ఉన్నవి. డెబ్బది ఎనిమిదవ సెక్షను చదువలేదా?"

నేను చదివినదే, పరీక్ష కొరకు. మరచినదే. ఆయన విడమరచి చెప్పారు. రిజిష్టరులో పొరపాటు కనబడితే, కనుగొన్న నెలలోపల, పెండ్లియాడిన ఇద్దరి ఎదుట దానిని సరిచేయవచ్చును. వారు చనిపోయినను, దూరమున ఉన్నను నమ్మదగిన ఇద్దరు సాక్షుల ఎదుట చేయవచ్చును. అయితే మొదట వ్రాసినదానిని చెరపకూడదు, కొట్టివేయకూడదు, దిద్దకూడదు. మార్జినులో సరియైన మాట వ్రాసి, తేదీ వేసి, సంతకము చేయవలెను. సాక్షులు కూడ సంతకము చేయవలెను. ధ్రువపత్రము ఇంతకుముందే పైకి పంపియుంటే, పాత తప్పును, కొత్త సవరణను రెండింటినీ చూపుచు వేరొక పత్రము వ్రాసి పంపవలెను.

"తప్పు అట్లానే కనబడుతూ ఉంటుందా అయ్యగారూ?" అని అడిగాను.

"ఉంటుంది. నీ సంతకముతో సహా. అందుకే ఆ పుస్తకాన్ని లోకము నమ్ముతుంది" అన్నారు.

తిరిగి వచ్చునప్పుడు నాకు ఎజ్రా గ్రంథములోని రెండవ అధ్యాయము మనసులో మెదిలింది. బబులోను చెరనుండి తిరిగివచ్చిన వారిలో కొన్ని యాజక కుటుంబాలు తమ వంశావళి పుస్తకములో తమ పేర్లు వెదకి కనుగొనలేకపోయినవి. వారు అబద్ధికులని ఎవరూ అనలేదు, కాని ఋజువు దొరకువరకు పరిచర్యకు దూరముగా ఉంచబడ్డారు. ఆ అధ్యాయము చదువునప్పుడు ఉత్త పేర్ల జాబితా అని దాటిపోయేవాడను. ఆ పేర్లు వ్రాయవలసిన లేఖికుడెవడో ఒకనాడు అశ్రద్ధ చేసియుండవచ్చును గదా అని మొదటిసారి తోచింది.

ఆ రాత్రే సిద్దిపేట వైపు ఫోను చేశాను. "అమ్మా, వాళ్లది కాదు తప్పు, నీ బిడ్డది కాదు, అల్లునిది కాదు. నేను వ్రాసినది తప్పు. ఆనాడు తెలిసీ నీకు చెప్పలేదు. నన్ను క్షమించు" అన్నాను. అవతల చాలసేపు మాట లేదు. నేను తిట్టు కొరకు కనిపెట్టుకొని ఉన్నాను. చివరకు ఆమె, "మీరు సెప్తె నా బిడ్డ నష్టజాతకం కాదని మా ఊరోళ్లకు ఎరుకైతుండె గదా అయ్యగారూ" అన్నది. ఆ మాట తిట్టుకంటె బరువుగా ఉండెను.

ఆ వారములోనే అమ్మాయి వచ్చింది. భర్త లేడు గనుక ఇద్దరు సంఘపెద్దలు సాక్షులుగా నిలిచారు. పాత తేదీ వేయుమన్న పెద్ద అందులో ఒకడు, తానే ముందుకు వచ్చాడు. పాత పేరు పాతచోటనే ఉంచి, మార్జినులో పాస్‌పోర్టు పేరు వ్రాసి, ఆ రెండు పేర్లు గల మనిషి ఒక్కతే అని తేటపరచి సంతకము చేశాను. సవరణ పత్రము రిజిస్ట్రారు కార్యాలయానికి పంపాను. రెండు పేర్లు ఒకరివేనని ఆమె ఒక అఫిడవిట్టు నోటరీ చేయించింది. పాత పత్రము నకలు, కొత్త పత్రము, పదవ తరగతి సర్టిఫికెట్టు, బాప్తిస్మ పత్రము అన్నీ కలిపి ముంబయికి పంపాము. తరువాతి ఆదివారము వారి పల్లెకు పోయి, ఆరాధన చివర సంఘము ఎదుట నిలిచి, ఆలస్యమునకు కారణము నేనేనని చెప్పాను. బావి దగ్గర మాటలాడినవారిలో కొందరు ఆ దినము ఆ తల్లి చేయి పట్టుకొన్నారు. మేకల ఖరీదు నేను నెలనెల కొంతగా ఇచ్చితిని. ఆమె వద్దన్నది, నేను మానలేదు.

అక్టోబరులో వీసా వచ్చింది. నవంబరులో ఆమె విమానమెక్కింది. పెండ్లియై రెండేండ్లు నిండకమునుపు చేరిన భార్యకు మొదట రెండేండ్ల షరతుతో కూడిన నివాస హక్కే ఇస్తారు, ఆ గడువు ముగియకముందు చివరి 90 రోజులలో ఇద్దరూ కలిసి మరల అర్జీ పెట్టవలెను. ఆ సంగతి ఆమె డైరీలో నేనే వ్రాసి ఇచ్చాను, ఈసారి రెండుమార్లు చదివి. మరుసటి సంవత్సరము భర్త బదిలీ ఉత్తర్వులో ఆమె పేరు ఉన్నది. సైన్యము ఉత్తర్వుమీద భర్తతోకూడ పరదేశములో ఉన్న భార్య తన అమెరికా నివాస హక్కు విడిచినట్లు ఎంచకూడదని 2008లో అక్కడ చట్టము చేశారు. ఇప్పుడు ఆమె జర్మనీలో కాపురము చేయుచున్నది.

ఇక మీకు నా మనవి. పెండ్లి నోటీసు వ్రాయకముందే వధూవరుల పదవ తరగతి సర్టిఫికెట్టు, పాస్‌పోర్టు ప్రక్కప్రక్కన పెట్టి, అక్షరము అక్షరము సరిచూడండి. తెలుగులో ఒక్కటిగా పలికే పేరు ఇంగ్లీషులో ఒక హెచ్ తేడాతో రెండవుతుంది. ఇంటిపేరును పొడి అక్షరముగా విడిచిపెట్టవద్దు, పూర్తిగా వ్రాయించండి. పెండ్లి చేయు పాస్టరుగారికి చట్టప్రకారము అధికారము ఉన్నదా అని మర్యాదగా అడగండి, అడిగినందుకు మాలో ఎవరైనా కోపపడితే ఆ కోపము మాదే తప్పు. సంతకము పెట్టకముందు బ్యాండు ఆపించి పుట చదవండి. వరుడు ముందు పెండ్లియై విడిపోయినవాడైతే కోర్టు డిక్రీ చూడండి.

మరొక మాట. సైనికుడనని ఫోనులో పరిచయమై, సెలవు మంజూరుకు డబ్బు కట్టవలెనని, పెట్టెలో బంగారము పంపితినని చెప్పువాడు సైనికుడు కాడు, దొంగ. సెలవు కొరకు ఏ సైన్యమూ పెండ్లికూతురి దగ్గర రుసుము తీసికొనదు. అటువంటి మాట వింటే మీ పాస్టరుగారికి, పోలీసులకు వెంటనే చెప్పండి, సిగ్గుపడవద్దు.

మొన్న క్రిస్మసుకు ఆ అమ్మాయి మంచులో నిలబడి తీయించుకొన్న ఫోటో పంపింది. తల్లి దానిని చట్రము కట్టించి గోడకు తగిలించింది. మా రిజిష్టరులో ఆ పుట నేను పెండ్లి వ్రాసిన ప్రతిసారి కనబడుతుంది. తప్పు లోపల ఉన్నది, సరియైనది ప్రక్కన ఉన్నది, రెండింటిక్రింద నా సంతకమే. కొత్త జంట ఎదుట కూర్చున్నప్పుడు ఆ పుట ఒక్కసారి తెరచి చూచి, అప్పుడు కలము తీయుదును. మీ ప్రార్థనలలో నన్ను, మన రిజిష్టర్లు వ్రాయు పాస్టర్లందరినీ జ్ఞాపకము చేసికొనండి.